అలర్జీ ఉన్న పసిబిడ్డకు ఘనాహారం మొదలుపెట్టడం ఎలా?

పాలు పడవనో, గుడ్డు పడదనో తేలిన బిడ్డకు ఘనాహారం మొదలుపెట్టే వేళకు ఇంటిల్లిపాదికీ భయం పట్టుకుంటుంది. ఆ భయంలో పడని పదార్థంతోపాటు దాని చుట్టుపక్కలవన్నీ మాన్పించేస్తారు. ఏడాది నిండేసరికి ఆ బిడ్డ తినేవి రెండు మూడు రకాలకు మించవు, బరువు పెరగదు, రక్తం తగ్గుతుంది. అందుకే ఈ మూడు సంగతులు ముందే చెబుతున్నాం. పడదని రుజువైనదాన్ని పూర్తిగా మానండి. రుజువు కానిదాన్ని దేన్నీ మానకండి. మానిన ప్రతిదానికీ బదులుగా మరొకటి పెట్టండి.

ముందు తేల్చుకోవాల్సినవి

బిడ్డకున్నది ఏ రకం అలర్జీయో డాక్టర్ దగ్గర తెలుసుకోండి. స్థూలంగా ఇవి రెండు రకాలు. మొదటి రకంలో తిన్న నిమిషాల నుంచి 2 గంటల్లోపు దద్దుర్లు, పెదాల వాపు, వాంతి, దగ్గు, పిల్లికూతలు కనిపిస్తాయి. రెండో రకం ఆలస్యంగా బయటపడుతుంది. మలంలో జిగురు, నెత్తుటి చారలు, తగ్గని విరేచనాలు దీని గుర్తులు.

ఈ రెండో రకంలోనే ఎఫ్‌పీఐఈఎస్ (ఆహారంలోని ప్రోటీన్ వల్ల పేగులు వాచే అలర్జీ) అనేది ఒకటుంది. తిన్న 1 నుంచి 4 గంటల తర్వాత బిడ్డ ఆగకుండా వాంతులు చేసుకుని, పాలిపోయి, తోటకూర కాడలా వాలిపోతుంది. ఒంటిమీద దద్దుర్లు ఉండవు కాబట్టి చాలామంది ఏదో కలుషిత ఆహారం అనుకుని వదిలేస్తారు, మళ్లీ అదే పెడతారు. దీన్ని తెచ్చిపెట్టే వాటిలో ఆవుపాలు, సోయాలతోపాటు బియ్యం, ఓట్స్ కూడా ఉన్నాయి. అన్నం అందరికీ పడుతుందన్న నమ్మకం ఈ పిల్లల విషయంలో చెల్లదు. మీ బిడ్డకు ఇదివరకు ఇలా జరిగి ఉంటే, కింద చెప్పిన క్రమాన్ని మీ డాక్టర్ ఇచ్చిన క్రమంతో సరిచూసుకున్నాకే మొదలుపెట్టండి.

పరీక్షల గురించి ఒక హెచ్చరిక. చర్మంపై గుచ్చి చేసే పరీక్షలో గానీ రక్తపరీక్షలో గానీ ఒక పదార్థానికి పాజిటివ్ వచ్చినంత మాత్రాన అది పడదని అర్థం కాదు. శరీరం దాన్ని గుర్తుపట్టిందని మాత్రమే అర్థం. ఇబ్బంది లేకుండా తింటున్న పదార్థాన్ని రిపోర్టు చూసి మాన్పించకండి. కొంతకాలం మానేసి మళ్లీ పెట్టినప్పుడు, అంతకుముందు లేని తీవ్రమైన రియాక్షన్ వచ్చే ప్రమాదం ఉంది.

ఎప్పుడు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వయసు 6 నెలలు. అలర్జీ ముప్పు ఉన్న కొందరికి డాక్టర్లు ఇంకాస్త ముందే మొదలుపెట్టమంటారు గానీ, 4 నెలలలోపు ఎవరికీ వద్దు. బిడ్డ మెడ నిలపాలి, ఆసరా ఇస్తే కూర్చోవాలి, నోట్లో పెట్టినదాన్ని నాలుకతో బయటికి తోసేయడం మానాలి. ఈ మూడూ కనిపిస్తే సిద్ధమైనట్టే. అలర్జీ ఉంది కదా అని ఎనిమిదో నెల దాకా వాయిదా వేయడం వల్ల లాభం లేదు, నష్టం ఉంది. పుట్టుకతో తెచ్చుకున్న ఇనుము నిల్వలు ఆరో నెలకు అడుగంటుతాయి.

తల్లిపాలు గానీ డాక్టర్ సూచించిన డబ్బా పాలు గానీ మామూలుగా సాగనివ్వండి. ఏడాది వరకు ప్రధాన ఆహారం పాలే. తల్లిపాలు తాగే బిడ్డకు 6 నుంచి 8 నెలల మధ్య ఘనాహారం నుంచి కావాల్సింది రోజుకు దాదాపు 200 కేలరీలు, 9 నుంచి 11 నెలల మధ్య దాదాపు 300. కాబట్టి మొదటి వారాల్లో బిడ్డ రెండు చెంచాలతో ఆపేస్తే కంగారు పడనక్కర్లేదు.

వంటింట్లో ఏర్పాటు

ఇంట్లో మిగతావాళ్లు పడని పదార్థాన్ని తింటూనే ఉంటారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. బిడ్డకు వేరుగా ఒక చిన్న గిన్నె, రెండు స్టీలు లేదా సిలికాన్ చెంచాలు, ఒక కత్తి, ఒక కోసే పలక పెట్టుకోండి. చెక్క గరిటెలు వద్దు, చీలికల్లో ఇరుక్కున్నది కడిగినా పోదు. మిక్సీ జార్ ఒకటే అయితే, వాడే ముందు బ్లేడు విప్పి, దాని కింద ఉన్న రబ్బరు వాషర్‌ను ఊడదీసి చూడండి. వేరుశనగ పొడి, పాల మీగడ లాంటివి ఆ వాషర్ గాడిలోనే తిష్ఠ వేస్తాయి. సబ్బు, పారే నీళ్లతో కడగాలి. చేతులు కూడా సబ్బుతోనే కడుక్కోవాలి. శానిటైజర్ క్రిములను చంపుతుంది గానీ అలర్జీ తెచ్చే ప్రోటీన్‌ను తీసేయదు. ఒకసారి వేయించిన నూనెను బిడ్డ వంటకు వాడకండి.

మొదటి రెండు వారాలు

అలర్జీ అరుదుగా తెచ్చే వాటితో మొదలుపెట్టండి. చిలగడదుంప, గుమ్మడికాయ, క్యారెట్, ఆలుగడ్డ, అరటిపండు, ఉడికించిన ఆపిల్ లేదా బేరిపండు, బియ్యం, చికెన్. ఒక్కోటి విడిగా పెట్టండి. మొదటిరోజే నాలుగు కూరగాయలు కలిపి ఉడికించి పెడితే, రాత్రి దద్దుర్లొచ్చినప్పుడు దేనివల్లో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఈ రకం పదార్థాలకు రోజుకొక కొత్తది చాలామంది పిల్లలకు సరిపోతుంది. ఆలస్యపు రకం అలర్జీ ఉన్నవాళ్లకు ఒక్కోదాని మధ్య 3, 4 రోజుల వ్యవధి ఇవ్వండి.

కొలతలు ఇలా అనుకుందాం. చెంచా అంటే 5 మి.లీ., పెద్ద చెంచా అంటే 15 మి.లీ. మొదటిరోజు 1 చెంచా, మర్నాడు 2, ఆపైన బిడ్డ ఇష్టం. క్రమంగా పూటకు 2, 3 పెద్ద చెంచాలకు, 8 నెలలు వచ్చేసరికి 250 మి.లీ. కప్పులో సగానికి చేరుతుంది. 6 నుంచి 8 నెలల మధ్య రోజుకు 2, 3 సార్లు, తర్వాత 3, 4 సార్లు. ఉప్పు, చక్కెర వేయకండి. తేనె ఏడాది నిండేదాకా అసలే వద్దు, అందులో ఉండే బ్యాక్టీరియా బీజాల వల్ల పసిపిల్లలకు బొట్యులిజం అనే, కండరాలు చచ్చుబడే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

ఒక నోటు పుస్తకంలో నాలుగు గడులు గీయండి. ఏం పెట్టారు, ఎంత, ఎన్నింటికి, తర్వాత ఏం జరిగింది. వాంతి ఎన్నింటికయిందో రాసి ఉంటే అది వెంటనే వచ్చే రకమో, ఆలస్యపు రకమో డాక్టర్ చాలావరకు అంచనా వేయగలరు.

పాలు, గుడ్డు, గోధుమ, సోయా, నట్స్ లేని నాలుగు వంటకాలు

*అన్నం, పెసరపప్పు, క్యారెట్ ముద్ద.* బియ్యం 2 పెద్ద చెంచాలు, పొట్టు తీసిన పెసరపప్పు 1 పెద్ద చెంచా కడిగి అరగంట నానబెట్టండి. 40 గ్రాముల క్యారెట్ సన్నగా తరిగి కలపండి. 400 మి.లీ. నీళ్లు పోసి, మూతపెట్టి సన్నని మంట మీద 30 నుంచి 35 నిమిషాలు ఉడికించండి. గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే పలుకు లేకుండా చితికిపోవాలి. చివర 1 చెంచా నూనె కలపండి. పసిబిడ్డ పొట్ట చిన్నది, నూనె లేకపోతే తిన్న కొంచెంలో కేలరీలు చాలవు. చల్లారితే గట్టిపడుతుంది కాబట్టి కాస్త పల్చగా ఉన్నప్పుడే దించండి. పప్పును అంతకుముందు విడిగా రుచి చూపించి ఉండాలి. వేరుశనగ పడని పిల్లల్లో ఎక్కువమందికి మిగతా పప్పులు పడతాయి, అయినా ఒక్కోటి విడిగానే చూడండి. బియ్యం పడని బిడ్డకు ఇదే ముద్ద చిరుధాన్యంతోనో ఆలుగడ్డతోనో చేయవచ్చు.

*చికెన్, చిలగడదుంప గుజ్జు.* ఎముక లేని తొడ మాంసం 50 గ్రాములు, చెక్కు తీసిన చిలగడదుంప 150 గ్రాములు తీసుకోండి. రొమ్ము మాంసం కంటే తొడ మాంసంలో ఇనుము ఎక్కువ, మెత్తగానూ నలుగుతుంది. మాంసాన్ని సెంటీమీటరు ముక్కలుగా కోసి 200 మి.లీ. నీళ్లలో 10 నిమిషాలు ఉడికించాక, దుంప ముక్కలు వేసి మరో 15 నిమిషాలు ఉంచండి. మాంసం లోపల గులాబీ రంగు ఉండకూడదు. ఉడికిన నీటితో సహా రుబ్బండి, ఆ నీళ్లు పారబోస్తే సారం దాంతో పోతుంది. మాంసం పీచుగా మిగిలితే దాన్ని ముందు విడిగా కొద్ది నీటితో తిప్పి, తర్వాత దుంప కలపండి. రెండూ ఒకేసారి వేసి ఎక్కువసేపు తిప్పితే దుంప బంకలా సాగుతుంది.

ఇనుము గురించి ఇక్కడే చెప్పాలి. అమెరికా ప్రమాణాల ప్రకారం 7 నుంచి 12 నెలల బిడ్డకు రోజుకు 11 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. ఎదిగిన మగవాడికి 8 చాలు. గుడ్డు, గోధుమ మానిన బిడ్డకు ఈ లోటు త్వరగా వస్తుంది. కాబట్టి రోజూ ఒక పూట మాంసమో పప్పో తప్పక ఉండాలి. పప్పుల్లోని ఇనుము బాగా ఒంటబట్టడానికి అదే పూట సి విటమిన్ ఉన్న పండు రెండు చెంచాలు పెట్టండి. చాలకపోతే ఇనుము చుక్కల మందు వాడాలా వద్దా అనేది డాక్టర్‌ను అడగండి. రోజుకు 400 ఐయూల డి విటమిన్ చుక్కల సంగతీ అప్పుడే అడగండి.

*బేరిపండు గుజ్జు.* తొక్క, గింజలు తీసి, ముక్కలుగా కోసి 8 నుంచి 10 నిమిషాలు ఆవిరిమీద ఉడికించి నలపడమే. కొత్తది ప్రయత్నించని రోజుల్లో ఇది చేతికి అందుబాటులో ఉంటే మంచిది.

*అరటిపండు, ఓట్స్ బిళ్లలు.* 8, 9 నెలలకు బిడ్డ తానే పట్టుకుని తినేందుకు. పొడి చేసిన ఓట్స్ 30 గ్రాములు, నలిపిన అరటిపండు 100 గ్రాములు, నీళ్లు 2 పెద్ద చెంచాలు కలిపి 10 నిమిషాలు వదిలేయండి. గుడ్డు లేకుండా బిళ్ల విరగకుండా నిలిచేది ఈ పది నిమిషాల్లో ఓట్స్ నీరు పీల్చుకోవడం వల్లే. 5 సెంటీమీటర్ల వెడల్పున పల్చగా పరిచి, నూనె రాసిన పెనంమీద సన్నని సెగన రెండువైపులా 3 నిమిషాల చొప్పున కాల్చండి. మంట పెద్దదైతే పండులోని చక్కెర మాడి, లోపల పచ్చిగా జిగటగా మిగులుతుంది. గోధుమ పడని బిడ్డకైతే గోధుమ కలవనివని లేబుల్‌మీద రాసి ఉన్న ఓట్స్ మాత్రమే కొనండి. మామూలు ఓట్స్‌లో మిల్లు దగ్గరే గోధుమ కలుస్తుంది.

తొమ్మిదో నెల దాటుతున్నా అన్నీ మిక్సీలో తిప్పి పెడుతుంటే నమలడం ఆలస్యమవుతుంది. 7 నెలల నుంచి ఫోర్కుతో నలిపి, చిన్న పలుకులు ఉండనివ్వండి. అలర్జీ ఉన్న పిల్లల ఇళ్లలో అన్నీ మెత్తగా తిప్పి పెట్టడం చాలా సాధారణంగా జరిగే పొరపాటు. గొంతుకు అడ్డం పడటాన్నీ అలర్జీనీ కలిపి భయపడటమే కారణం.

మిగిలిన గుజ్జును ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించి, నెలలోపు వాడుకోవచ్చు. డబ్బామీద తేదీతోపాటు అందులో ఏమేమి ఉన్నాయో కూడా రాయండి. అన్నం కలిసినవాటిని వండిన గంటలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, 24 గంటల్లోపు వాడేయండి. బిడ్డ చెంచా తగిలిన ఎంగిలి గుజ్జు దాచకండి.

అలర్జీ ఎక్కువగా తెచ్చేవి ఇంకా పరీక్షించనివైతే

ఆవుపాలు, గుడ్డు, వేరుశనగ, జీడిపప్పు, బాదం లాంటి నట్స్, గోధుమ, సోయా, నువ్వులు, చేపలు, రొయ్యలు. వీటిలో పడదని తేలినదాన్ని వదిలేసి, మిగతావి ఏడాదిలోపే పరిచయం చేయాలి. ఒకప్పుడు మూడేళ్ల దాకా ఆగమనేవారు. బ్రిటన్‌లో జరిగి 2015లో వెలువడిన లీప్ అధ్యయనం ఆ సలహాను తిరగరాసింది. తీవ్రమైన ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి దురదపెట్టే జబ్బు) లేదా గుడ్డు అలర్జీ ఉన్న 640 మంది పసిపిల్లలను తీసుకున్నారు. 4 నుంచి 11 నెలల వయసులోనే మొదలుపెట్టి క్రమం తప్పకుండా వేరుశనగ తిన్నవాళ్లలో, అయిదేళ్లు వచ్చేసరికి వేరుశనగ అలర్జీ మాన్పించినవాళ్లకంటే దాదాపు 80 శాతం తక్కువగా కనిపించింది. అయితే మీ బిడ్డకు తీవ్రమైన ఎగ్జిమా ఉన్నా, గుడ్డు అలర్జీ ఉన్నా, ఇదివరకు ఏదైనా తిన్న వెంటనే రియాక్షన్ వచ్చి ఉన్నా, వేరుశనగ మొదటిసారి పెట్టేది ఇంట్లోనా ఆసుపత్రిలోనా అన్నది డాక్టరే నిర్ణయించాలి.

ఇంట్లో పెట్టవచ్చని చెప్పాక ఇలా చేయండి.

1. జ్వరం, జలుబు, విరేచనాలు లేని రోజు, టీకా వేయని రోజు ఎంచుకోండి. ఎగ్జిమా అదుపులో ఉండాలి.
2. ఉదయం పెట్టండి. సాయంత్రం పెట్టి నిద్రపుచ్చితే రియాక్షన్ మీ కంటపడదు.
3. బిడ్డ మూతి చుట్టూ పల్చగా పెట్రోలియం జెల్లీ రాయండి. టమాటా, నిమ్మజాతి పండ్ల రసం తగిలి వచ్చే ఎరుపును అలర్జీగా పొరబడకుండా ఇది కాపాడుతుంది.
4. పావు చెంచా నోట్లో పెట్టి 10 నుంచి 15 నిమిషాలు ఆగండి. ముందు చర్మంమీద రుద్ది చూసే పద్ధతి వద్దు. దానివల్ల ఏమీ తేలదు, పైగా దెబ్బతిన్న చర్మం గుండా వెళ్లిన పదార్థానికే అలర్జీ పుట్టే వీలుంది.
5. ఏమీ లేకపోతే ఇంకో అర చెంచా. 2 గంటలు బిడ్డను కనిపెట్టుకుని ఉండండి.
6. మర్నాడు 1 చెంచా, మూడోరోజు 2 చెంచాలు. ఆ మూడు రోజులూ కొత్తది మరేదీ వద్దు.

వేరుశనగను పలుకు లేని మెత్తని వెన్న రూపంలో, 2 చెంచాలను 2, 3 చెంచాల గోరువెచ్చని నీటిలో కలిపి పల్చన చేసి, అందులోంచి పెట్టండి. అలాగే చెంచాతో పెడితే అంగిట్లో అతుక్కుని గొంతుకు అడ్డం పడుతుంది. గింజలుగా అయిదేళ్ల దాకా ఇవ్వకూడదు. గుడ్డును 10 నుంచి 12 నిమిషాలు గట్టిగా ఉడికించి, తెల్లసొన, పచ్చసొన కలిపి నీళ్లతో నలపండి. పచ్చసొన ఒక్కటే పెట్టి గుడ్డు పడిందనుకోవద్దు, అలర్జీ తెచ్చే ప్రధాన ప్రోటీన్లు తెల్లసొనలో ఉంటాయి.

పడిందని తేలాక చాలామంది హమ్మయ్య అనుకుని ఆపేస్తారు. ఆపకండి. ప్రతి పదార్థాన్నీ వారానికి రెండు మూడు సార్లు పెడుతూ ఉంటేనే శరీరం దానికి అలవాటుపడి ఉంటుంది.

పాలు పడని బిడ్డకు

మేకపాలు ప్రత్యామ్నాయం కావు. వాటి ప్రోటీన్లు ఆవుపాలకు ఎంత దగ్గరగా ఉంటాయంటే, ఆవుపాలు పడని పిల్లల్లో అత్యధికులకు అవీ పడవు. లాక్టోస్ లేని పాలూ పనికిరావు. తీసేసింది చక్కెరను, ప్రోటీన్ అలాగే ఉంది. డబ్బా పాలు అవసరమైతే ప్రోటీన్‌ను బాగా విడగొట్టిన హైడ్రొలైజ్డ్ ఫార్ములా లేదా అమైనో ఆమ్లాల ఫార్ములా డాక్టర్ రాస్తారు. ఓట్స్ పాలు, బాదం పాలు లాంటివి ఏడాదిలోపు ప్రధాన పానీయంగా వద్దు. బియ్యంతో చేసిన పానీయాల్లో ఆర్సెనిక్ చేరే అవకాశం ఉన్నందున అయిదేళ్లలోపు పిల్లలకు పాలకు బదులుగా ఇవ్వకూడదు.

కొన్నవాటి లేబుల్‌మీద కేసీన్, వే, పాలపొడి, వెన్న, నెయ్యి ఏది కనిపించినా పాలు ఉన్నట్టే. గుడ్డుకు అల్బుమిన్, లైసోజైమ్. గోధుమకు మైదా, రవ్వ, గ్లూటెన్. ఎప్పుడూ కొనేదైనా ప్రతిసారీ చదవండి, తయారీలో మార్పులు చెప్పకుండా జరుగుతుంటాయి.

పాలిచ్చే తల్లి తనంతట తానే పథ్యం మొదలుపెట్టకూడదు. తల్లిపాలు తాగాకే బిడ్డకు లక్షణాలు వస్తున్నాయని అనుమానం ఉంటే, డాక్టర్ సలహాతో 2 నుంచి 4 వారాలు ఆ పదార్థం మాని, మళ్లీ తిని చూసి నిర్ధారించుకోవాలి. ఆ రెండో అంకం వదిలేసి నెలల తరబడి కడుపు మాడ్చుకునే తల్లులు చాలామంది ఉన్నారు.

రియాక్షన్ వస్తే

మూతి చుట్టూ, ఒంటిమీద దద్దుర్లు, పెదాల వాపు, ఒకటి రెండు వాంతులు మాత్రమే ఉంటే తినిపించడం ఆపి, డాక్టర్ ముందే రాసిచ్చిన యాంటీహిస్టమిన్ (అలర్జీ తగ్గించే మందు) చెప్పిన మోతాదులో వేసి, కళ్లార్పకుండా చూస్తూ ఉండండి.

బొంగురుపోయిన ఏడుపు, ఆగని దగ్గు, పిల్లికూతలు, ఊపిరి కష్టపడి తీయడం, నాలుక వాపు, పాలిపోవడం, ఒళ్లు వేలాడేయడం, వేళకాని వేళ మగత. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది అనఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి వచ్చే తీవ్రమైన అలర్జీ కావచ్చు. యాంటీహిస్టమిన్‌తో ఇది తగ్గదు. ఎడ్రినలిన్ ఇంజెక్షన్ మీ దగ్గర ఉంటే తొడ మధ్యలో బయటివైపు కండకు వెంటనే ఇచ్చి, అంబులెన్స్ పిలవండి. 5 నిమిషాల్లో తేరుకోకపోతే, రెండో మోతాదు ఉంటే అదీ ఇవ్వాలి. బిడ్డను భుజాన వేసుకుని పరుగెత్తడం అందరూ చేసే పని, అదే ప్రమాదం. నిటారుగా ఎత్తితే రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. చేతులమీద అడ్డంగా పడుకోబెట్టుకోండి, వాంతి అవుతుంటే పక్కకు తిప్పండి. ఊపిరి మరీ కష్టంగా ఉంటే ఒళ్లో కూర్చోబెట్టి, కాళ్లు చాపి ఉంచండి. తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టవచ్చు.

ఎఫ్‌పీఐఈఎస్ వాంతులకు చికిత్స వేరు. నీరు కోల్పోయి మగతగా ఉన్న బిడ్డను వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, వాంతికి ముందు ఏం తిన్నదో, ఎన్ని గంటల కిందటో చెప్పండి.

మళ్లీ ఎప్పుడు చూపించాలి?

పాలు, గుడ్డు అలర్జీలు చాలామంది పిల్లల్లో పెరిగే కొద్దీ తగ్గిపోతాయి. అందుకే 6 నుంచి 12 నెలలకోసారి మళ్లీ పరీక్షించాలి. గుడ్డు అలర్జీ ఉన్నవాళ్లలో చాలామందికి కేకులా బాగా కాల్చిన పదార్థంలోని గుడ్డు ముందుగా పడుతుంది, ఎందుకంటే ఆ వేడికి కొన్ని ప్రోటీన్ల రూపం మారుతుంది. దాన్నుంచి మెట్టు మెట్టుగా ఎక్కించే పద్ధతి డాక్టర్ల దగ్గర ఉంది. ఆ మొదటి మెట్టు కూడా ఇంట్లో మీకై మీరు వేయకండి. వెళ్లేటప్పుడు నోటు పుస్తకం, బిడ్డ బరువు, ఎత్తు నమోదు చేసిన కార్డు, అనుమానం ఉన్న ప్యాకెట్ల ఖాళీ కవర్లు, దద్దుర్లు వచ్చినప్పుడు తీసిన ఫొటోలు తీసుకెళ్లండి. చర్మంపై గుచ్చే పరీక్ష చేస్తారనుకుంటే, యాంటీహిస్టమిన్ ఎన్ని రోజుల ముందు ఆపాలో ఫోన్ చేసి కనుక్కోండి. ఆపకుండా వెళ్తే ఆ రోజు పరీక్ష చేయడానికి కుదరదు.